మూటగుడ్డలో గోరంత రఫ్ఫు

డెబ్బై మూడో నంబరు మూటగుడ్డను బల్ల మీద పరిచి, దాని మధ్యలో గోరంత చోటును భూతద్దంలో చూసి చిట్టిపోగు కుర్చీలో కూలబడిపోయిందని కిందటి వారం చదివారు. ఆ గోరంత చోటులో ఏముందో, దానివల్ల ఎవరి గుండె చెరువవుతుందో ముందు చెప్పుకోవాలి.

మ్యూజియంలో గుడ్డల గది ఆమెది. పట్టుబట్టలూ జరీ అంచులూ పై అంతస్తులో అద్దాల వెనక ఉంటాయి. కింద ఈమె దగ్గర ఉండేవి తువ్వాళ్లు, దుప్పట్లు, దిండు గలీబులు, మూటగుడ్డలు. ఎవరో చేత్తో వడికి, చేత్తో నేసి, రోజూ వాడి, పీలికలయ్యేదాకా ఉతికినవి. వాటి మీద పేరుండదు, తేదీ ఉండదు. ఏ కాలం నాటివో పోగులే చెప్పాలి. పోగుల చేత మాట్లాడించడం ఆమెకు నేర్పినవారు మాస్టారు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆయన లెక్కలో తప్పిపోయిన ఒక సన్నపోగును ఆమె పట్టుకుంది. ఆ రోజునుంచీ ఆమె చిట్టిపోగు. ఇప్పుడామెకు నలభై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. అయినా ఆ గదిలో చిట్టిపోగే.

మాస్టారు జన్మకల్లా ఒకటే పుస్తకం రాశారు. దానికి ప్రాణం ఈ మూటగుడ్డ అధ్యాయం. గుడ్డంతా చేత్తో వడికిన నూలు, ఒంటిపోగు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. కానీ ఆయన తీసిన నమూనాలో ఒక మిల్లు పోగు దొరికింది. రెండు పోగులు కలిపి పేనిన, ఎక్కడా లావూసన్నం లేని పోగు. దాన్నిబట్టి ఆయన ఇలా రాశారు: మిల్లు నూలు రాగానే రాట్నాలు మూలపడలేదు, ఒక తరం పాటు రెండు నూళ్లూ ఒకే మగ్గం మీద కలిసి బతికాయి. అదే గళ్లు ఉన్న మరో పాతిక గుడ్డలకు కూడా ఆ కాలమే నిర్ణయించారు. అందరూ ఒప్పుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత ఆ పుస్తకం ఇప్పుడు మళ్లీ అచ్చవుతోంది. మాస్టారికి చూపు దాదాపు పోయింది. ఇక ఇంకో పుస్తకం లేదు.

చిట్టిపోగు భూతద్దంలో చూసింది ఇదీ. ఆ మిల్లు పోగు నేతలోది కాదు. గోరంత రంధ్రాన్ని పోగు పోగు అల్లి పూడ్చిన రఫ్ఫులోది. ఎంత చక్కటి రఫ్ఫు అంటే, నేతకూ దానికీ తేడా కంటికి ఆనదు. రంధ్రం చుట్టూ పాత పోగుల కొనలు నల్లబడి గట్టిపడి ఉన్నాయి. ఎలుక కొరికితే కొనలు నలుగుతాయి, పురుగు తింటే సన్నబడతాయి. నల్లబడ్డాయంటే కాలినట్టే. మరమ్మతు పుస్తకంలో డెబ్బై మూడో నంబరుకు ఎదురుగా ఒక్క ముక్క లేదు.

రఫ్ఫు తీసేసి చూస్తే ఆ గుడ్డ మిల్లు నూలు పుట్టకముందుది. అధ్యాయం కూలిపోతుంది. చెప్పకపోతే, తప్పని తెలిసిన మాట ఈసారి ‘సరిచూసినది’ అంటూ ఆమె పేరుతో అచ్చవుతుంది. సాయంత్రం నాలుగింటికి ప్రూఫులు ప్రెస్సుకు చేరాలి. పొద్దున దేవుడి ముందు కూర్చుని, ‘దారి చూపించు స్వామీ’ అని అడిగింది. ఆయన ఎప్పటిలాగే చిరునవ్వుతో ఊరుకున్నాడు.

పదకొండింటికి గుమ్మంలో చేతికర్ర చప్పుడయింది.

"ఏమ్మా చిట్టిపోగూ, గది ఇంకా ఇక్కడే ఉందా? పై అంతస్తువాళ్లు ఎత్తుకెళ్లలేదు కదా?"

"గుడ్డలైతే ఎత్తుకెళ్తారు గానీ, ఈ కలరా ఉండల వాసన ఎవరు మోస్తారు మాస్టారూ?"

మాస్టారి వెనకే ఆయన మోచేయి పట్టుకుని ఆయన భార్య వచ్చారు. పెళ్లికి ముందు ఇదే మ్యూజియంలో కుట్టుగదిలో పనిచేశారావిడ. చిట్టిపోగుకు పిన్నిగారు.

"వాకిట్లో మెట్లెక్కమంటే పోగులు లెక్కపెట్టినట్టు లెక్కపెడుతున్నారమ్మా ఈయన. ఇరవై రెండు మెట్లకి పావుగంట," అన్నారు పిన్నిగారు రొప్పుతూ.

"తొందరపడి లెక్కపెడితే ఏమవుతుందో మీ పిన్నికి తెలీదు," అన్నారు మాస్టారు కూర్చుంటూ. "ఊఁ, చదువు."

చిట్టిపోగు ప్రూఫులు చదవడం మొదలుపెట్టింది. ఆయన కళ్లు మూసుకుని వింటూ, కామా పడాల్సిన చోటల్లా వేలితో బల్ల మీద తట్టేవారు. రెండు అధ్యాయాలు సాఫీగా సాగాయి. మూడోది వచ్చింది.

"‘డెబ్బై మూడో నంబరు మూటగుడ్డలో నేను తీసిన నమూనా...’"

ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది? కళ్లజోడు మర్చిపోయావా? కళ్లు పోయింది నాకమ్మా, నీక్కాదు."

"గొంతెండిపోయింది పిల్లకి," అన్నారు పిన్నిగారు చటుక్కున లేచి. "పొద్దుట్నుంచీ చదివిస్తే ఎండదూ? రావే, నీళ్లు తాగొద్దువుగాని."

వరండా చివర కుళాయి దగ్గర పిన్నిగారు గ్లాసు తీసుకోలేదు. కుళాయి మాత్రం తిప్పారు, చప్పుడు కోసం.

"చూశావు కదూ?"

"ఏమిటి పిన్నిగారూ?"

"నా దగ్గరా నీ నాటకాలు? భూతద్దం ఎక్కడ పెట్టావో గుమ్మంలోంచే చూశాను. ఆ చోటు నేను కళ్లు మూసుకుని చూపిస్తాను."

మూడు రోజులుగా ఆ రఫ్ఫు ఎవరిదై ఉంటుందా అని చిట్టిపోగు కొట్టుకుంటోంది. జవాబు తనంతట తానే నడిచొచ్చి ఎదురుగా నిలబడింది.

"మీరేనా?"

"నేను కాక? అప్పట్లో ఈ భవనంలో అలా రఫ్ఫు కొట్టేవాళ్లు ఇంకెవరున్నారు?" పిన్నిగారి గొంతులో భయంతో పాటు చిటికెడు గర్వం కూడా వినబడింది.

"ఎలా కాలింది?"

"ఎండకి."

"ఎండకి గుడ్డ కాలుతుందా పిన్నిగారూ!"

"మధ్యలో అద్దముంటే కాలుతుంది." ఆవిడ కుళాయి మరికాస్త తిప్పారు. "ఆయన ఉద్యోగంలో చేరి మూణ్ణెల్లు. తూర్పు కిటికీ పక్క బల్ల. మూడుకాళ్ల భూతద్దం గుడ్డ మీద పెట్టి పోగులు లెక్కేస్తున్నారు. ఆఫీసరు పిలిచాడు. లెక్క ఎక్కడాగిందో గుర్తుండాలని అద్దాన్ని అక్కడే వదిలి వెళ్లారు. అంతదాకా మబ్బుగా ఉంది, ఆయనటు వెళ్లగానే ఎండొచ్చింది. కాగితం కాలిన వాసన నా గదిలోకి కొట్టింది. పరుగెత్తాను. సన్నటి పొగ. నీళ్లు పోస్తే రంగు దిగుతుంది కదా, అరచేయి పెట్టి నొక్కేశాను."

ఆవిడ కుడి అరచేతిలో కందిగింజంత తెల్లటి మచ్చ ఉంది. చిట్టిపోగు దాన్ని ఎన్నోసార్లు చూసింది. ఎవరడిగినా ఆవిడ ‘దీపం అంటుకుంది’ అనేవారు.

"ఆయన వచ్చేలోగా గుడ్డ మడిచేసి, ‘ఉతకాల్సిన వాటిలో ఉంది, తీసుకెళ్తున్నా’ అన్నాను. ‘అయ్యో, నా లెక్క!’ అని ఏడుపుమొహం పెట్టారు. ఇంట్లో మంచాన పడ్డ తల్లి, ఈయనొక్కడే దిక్కు. నిజం బయటపడితే ఆ పూటే ఇంటికి పంపేవాళ్లు."

"అప్పటికే మీ పెళ్లి మాట..."

"పెళ్లా! అప్పటికాయనకి నా పేరు కూడా తెలీదే. ‘కుట్టుగది అమ్మాయ్’ అనేవారు." పిన్నిగారు నవ్వి, కొంగుతో మొహం తుడుచుకున్నారు. "తొమ్మిది రోజులు మధ్యాహ్నం తిండి మానేసి కుట్టాను. దారం ఎక్కడిదనుకున్నావ్? నా తిండిడబ్బా కట్టుకునే గుడ్డ అంచు ఊడదీశాను. అచ్చం అదే గోధుమరంగు. రంగు కుదిరింది, లావు కుదిరింది. పేనిక మాత్రం చూడలేదు తల్లీ. కుట్టేదాన్ని, పైకి కనబడేదే చూస్తాను. ఆయనేమో పేనిక తప్ప ఇంకేం చూడరు."

"అంత గుడ్డలో ఆయన నమూనా అక్కడే ఎందుకు తీశారు?"

"నీకు ఆయన నేర్పలేదూ? బాగున్న చోట కత్తెర పెట్టకూడదు, వెనకవైపు ఎక్కడ కొన వదులుగా వేలాడుతుందో అక్కడే తీయాలి అని. ఆ వేలాడే కొన నాది. మొదలంటా కత్తిరిస్తే రఫ్ఫు జారిపోతుందని కాస్త వదిలాను."

గుడ్డకు దెబ్బ తగలకూడదని ఆయన పెట్టుకున్న నియమమే ఆయన్ను ఆ కొన దగ్గరికి తీసుకెళ్లింది.

"పెళ్లయిన ఏడాదికి, నేను పొయ్యి దగ్గరున్నాను, పరుగెత్తుకొచ్చారు. ‘దొరికిందోయ్, రెండు నూళ్లూ ఒకే గుడ్డలో దొరికాయి!’ అని నా చేతిలో గరిట లాక్కుని వంటింట్లో గంతులేశారు. ఆయన గంతులేయడం అదే మొదలు, అదే ఆఖరు. ఏ గుడ్డ అని అడిగాను. చెప్పారు. రేపు చెబుదాంలే అనుకున్నాను." కుళాయి కట్టేశారు. "ఆ రేపు నలభై ఆరేళ్లు నడిచింది."

ఒకరి మేలు కోరి దాచినదాన్ని దేవుడు అబద్ధం కింద జమకడతాడో, రఫ్ఫు కింద జమకడతాడో ఈ కథ చెబుతున్న నాకు తెలియదు. పెద్దవాళ్లను అడిగితే రెండు రకాలుగానూ చెప్పారు. కానీ కుట్టినచోట చుట్టూ గుడ్డ గుంజుకోవడం మాత్రం నిజం.

"ఈసారి పుస్తకంలో నా పేరు కూడా ఉంటుంది పిన్నిగారూ," అంది చిట్టిపోగు నెమ్మదిగా.

"అంటే చెప్పేస్తావు."

"మీరే చెప్పండి. నా నోట వినేకంటే మీ నోట వింటే..."

"నా నోట వింటేనే తట్టుకోలేరే. ఊరంతా తప్పన్నా ఆయన నవ్వి ఊరుకుంటారు. ఇంట్లో మనిషే తప్పంటే?"

లోపల్నుంచి కేక వినబడింది. "ఏమోయ్! నీళ్లకోసం బావి తవ్వుతున్నారా ఇద్దరూ? ఇలా రా ఒకసారి."

మాస్టారు కుర్చీలో లేరు. బల్ల పక్కన నిలబడి ఉన్నారు. ఊరికే కూర్చోలేక గుడ్డ తడుముతున్నారు కాబోలు. కుడిచేతి చూపుడువేలు మూటగుడ్డ మధ్యలో, ఆ గోరంత చోటు మీద ఆగి ఉంది. వాళ్లు చూస్తుండగానే ఆయన వేలు తీసి తన కోటు ఎడమ మోచేతి మీద పెట్టుకున్నారు. అక్కడ చిరిగిన చోట పిన్నిగారు కొట్టిన రఫ్ఫు ఉంది. మళ్లీ గుడ్డ మీద పెట్టారు. మళ్లీ మోచేతి మీద.

"ఈ మోచేయి ఎప్పుడు కుట్టావోయ్?"

"పోయిన చలికాలం."

"కుట్టేటప్పుడు వరస చివర దారం వెనక్కి తిప్పేచోట చిన్న ఉచ్చు వదులుతావు. ఎందుకు?"

"ఉతికితే దారం కుంచించుకుంటుంది. ఉచ్చు వదలకపోతే పక్క గుడ్డని లాగేస్తుందండీ." పిన్నిగారు బల్ల దగ్గరికి వచ్చారు.

"అందరూ వదులుతారా?"

"వదలాలి. అందరూ వదలరు."

"వదిలినా, ఒకవైపే వదిలేవాళ్లు ఎంతమంది?"

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకున్నారు.

"కళ్లున్నప్పుడు కనబడలేదు," అన్నారు మాస్టారు. "భూతద్దంలో పోగు చూశాను గానీ, ఎవరి చేతి పనో చూడలేదు."

పిన్నిగారు బల్ల అంచు పట్టుకున్నారు. వరండాలో అంత కథ చెప్పిన మనిషి ఇప్పుడు మూడు ముక్కల్లో ముగించేశారు. "అద్దం మీరు గుడ్డ మీద వదిలేసి వెళ్లారు. ఎండ తగిలి కాలింది. నేను కుట్టాను."

తూర్పు కిటికీకి ఏనాడో అంటించిన దళసరి కాగితం గాలికి పొంగి, మళ్లీ అద్దానికి అతుక్కుంది. రంగులు వెలిసిపోకుండా దాన్ని అంటించారని ఇన్నాళ్లూ చిట్టిపోగు అనుకునేది. ఎవరు అంటించి ఉంటారో ఇప్పుడు అర్థమయింది.

"అంటే," అన్నారు మాస్టారు, "నేను గరిట పట్టుకుని గంతులేసినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"నవ్వుకున్నావా?"

"ఏడ్చాను. మీరు ఉల్లిపాయలనుకున్నారు."

ఆయన మొహం బిగుసుకుంది. కర్ర కోసం తడిమారు, దొరకలేదు. చిట్టిపోగు అందించబోయింది, పిన్నిగారు చేత్తో వారించారు. మాస్టారు తడుముతూ తడుముతూ వచ్చి బల్ల మీదున్న పిన్నిగారి చేతి దగ్గర ఆగారు. దాన్ని తిప్పి అరచేతిలో బొటనవేలు పెట్టారు.

"నీళ్లు పోసి ఉండవు నువ్వు, రంగు దిగుతుందని. బాగా కాలిందా?"

అంతవరకూ నిబ్బరంగా నిలబడ్డ పిన్నిగారికి ఆ ఒక్కమాటకు కళ్ల నీళ్లు ఆగలేదు. "పెద్దగా లేదండీ."

"దీపం అన్నావు."

"సూర్యుడు మాత్రం దీపం కాదేమిటి?"

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుని కూడా నవ్వేశారు. ఆ చేయి మాత్రం వదల్లేదు.

"చిట్టిపోగూ, మరమ్మతు పుస్తకం తే. పిన్ని చేతికియ్యి, కలం కూడా."

చిట్టిపోగు తెచ్చి పేజీ తీసి పెట్టింది. డెబ్బై మూడో నంబరు గడి తెల్లగా ఉంది.

"రాయి. దెబ్బ, గోరంత రంధ్రం. కారణం, మూడుకాళ్ల భూతద్దం. అది వదిలేసి పోయిన బుద్ధిమంతుడు, నేను."

"బుద్ధిమంతుడు అని రాయనా?"

"నీ ఇష్టం. మరమ్మతు చేసినవారు, నువ్వు. దారం ఎక్కడిది?"

"నా తిండిగుడ్డ అంచు."

"అదీ రాయి."

"నలభై ఎనిమిదేళ్లు ఆలస్యమయిందనీ రాయాలా?" అన్నారు పిన్నిగారు ముక్కు చీదుకుంటూ.

"ఆలస్యానికి గడి లేదు పిన్నిగారూ," అంది చిట్టిపోగు. ముగ్గురూ నవ్వారు. నవ్వులో కాస్త తడి ఉంది. పిన్నిగారి చేతిరాత కుట్టంత పొందికగా లేదు. అక్షరాలు గడి దాటి పక్కకు పోయాయి.

చిట్టిపోగు ఎర్రపెన్సిలు తీసింది. "మాస్టారూ, మరి ఈ అధ్యాయం..."

"డెబ్బై మూడో నంబరు కొట్టెయ్. చచ్చేముందు ఒక తప్పు తగ్గింది, మంచిదే." ఆ మాట తేలిగ్గానే అన్నారు గానీ, పెన్సిలు కాగితం మీద గీసిన చప్పుడుకు ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఆగు. అధ్యాయం మొత్తం కొట్టొద్దు. పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఒక మాట ఉండాలి, చదువు."

"‘నూట పన్నెండో నంబరు దుప్పటిలోనూ ఇదే రకం పోగు కనబడింది.’"

"అదీ! ఒక్క గుడ్డ సాక్ష్యంతో నేనెప్పుడూ రాయలేదు." ఆయన పిన్నిగారి వైపు తిరిగారు. "ఆ దుప్పటి కూడా నీ పనేనా? ఇప్పుడే చెప్పు, ఇంకో నలభై ఏళ్లు ఆగలేను."

"అయ్యో రామ! దుప్పటి నేను ముట్టనైనా లేదండీ. ఒట్టు."

చిట్టిపోగు మరమ్మతు పుస్తకం తిప్పింది. నూట పన్నెండుకు ఎదురుగా తెల్లగా ఉంది. ఐదు నిమిషాల క్రితం దాకా డెబ్బై మూడు కూడా అలాగే ఉంది.

దుప్పటి అట్టడుగు అరలో ఉంది. ఎనిమిది మడతలు. ఎన్నేళ్లుగా ఎవరూ విప్పలేదో, మడతలు అట్టలా బిగుసుకున్నాయి. రెండు చేతుల మీదా పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పెట్టి, పై మడత తిప్పింది. వెనకవైపు గోధుమరంగు కొన ఒకటి వదులుగా వేలాడుతోంది. భూతద్దం పెట్టింది. రెండు పోగులు కలిపి పేనింది.

"మిల్లు పోగే మాస్టారూ."

"దాని వెంట వెళ్లు. రఫ్ఫయితే నాలుగు వేళ్ల లోపల వెనక్కి తిరుగుతుంది, నేను ఓడిపోయినట్టు. నేతయితే అంచుదాకా తిన్నగా పోతుంది."

ఆయన మళ్లీ కూర్చోలేదు. పిన్నిగారి చేయి పట్టుకునే నిలబడ్డారు. చిట్టిపోగు సూదిమొన పోగు పక్కన ఆనించి జరపసాగింది. పిన్నిగారు పైకే లెక్కపెట్టారు. "ఒక వేలు. రెండు. మూడు. నాలుగు."

"తిరిగిందా?"

"లేదు మాస్టారూ. ఇంకా వెళ్తోంది."

ఐదు, ఆరు, ఏడు. అక్కడ రెండో మడత అడ్డొచ్చింది. పోగు దాని కిందకి వెళ్లిపోయింది. బల్ల చివర ఫోను మోగింది. ప్రెస్సువాళ్లే. ఎవరూ కదల్లేదు.

మడత విప్పాలంటే ఇద్దరుండాలి. పిన్నిగారు భర్త చేయి విడిపించుకుని ఎదురుగా వచ్చి దుప్పటి రెండో కొస పట్టుకున్నారు. "నెమ్మది. ఊపిరి బిగబట్టు. ఊఁ, ఇప్పుడు."

మడత పొడిగా చిన్న చప్పుడు చేసి విడింది. చిట్టిపోగు భూతద్దం అందుకునేలోపే, ఇలాంటివి పట్టడంలో ఆరితేరిన పిన్నిగారి కళ్లు మడత కింద పోగు పోయిన దారి వెంట వెళ్లాయి. ఆవిడ పెదవులు విడివడ్డాయి. దుప్పటి కొస మీద వేళ్లు బిగుసుకున్నాయి.

"ఏమైందోయ్?" అన్నారు మాస్టారు.

పిన్నిగారు ఈసారి రేపు అనుకోలేదు.

"ఉండండి," అన్నారు. "చూసింది చూసినట్టు చెబుతాను."